అమ్మమ్మ తగ్గించే మంట

పోయిన సంచికలో వేసిన కథ మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. పెళ్ళిచూపులు వారం రోజుల్లో ఉన్నాయనగా ఒక తల్లి కూతురి చేత రాత్రి అన్నం మాన్పిస్తుంది, కూతురు ఏమీ అనకుండా పడుకుంటుంది, తెల్లారి తల్లే ఆ గిన్నె ముందు కూర్చుని ఏడుస్తుంది. అంతే కథ. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఐదు తీసుకున్నాను. కొన్నిటికి జవాబు పెద్దదైపోయింది, తగ్గించబుద్ధి కాలేదు.

ప్రశ్న: మేడమ్, లావుగా ఉన్న అమ్మాయి మీద కథైనా సినిమా అయినా రెండే ముగింపులు. సన్నబడుతుంది, లేదంటే హీరో వచ్చి "నువ్వు నాకు ఇలాగే నచ్చావు" అంటాడు. మా ఇంట్లో జరిగేది ఇది కాదు. నేను మూడో దోసె అడిగితే అమ్మమ్మ నోటితో ఏమీ అనదు, పొయ్యి మంట తగ్గిస్తుంది. ఇలాంటిది ఎవరూ ఎందుకు రాయరు?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మంట తగ్గించడం గురించి మీరు రాసిన ఆ మాట దగ్గర ఆగిపోయానమ్మా. ఉత్తరం పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివాను. మన దగ్గర ఒంటి గురించి కథ మొదలుపెడితే నేరుగా పెళ్ళి దగ్గరకి వెళ్ళిపోతుంది, ఎందుకంటే ఇళ్ళల్లో ఆ మాటలు అనేదే పెళ్ళి పేరు చెప్పి కాబట్టి. పెళ్ళయ్యాక కూడా ఆ మాటలు ఆగవు, "పెళ్ళయ్యాక బాగా ఒళ్ళు చేశావే" అని మొదలవుతాయి, కాన్పు తర్వాత ఇంకోలా వస్తాయి. ఆ సంగతి మాత్రం కథల్లోకి తక్కువగా వస్తుంది.

'సైజ్ జీరో' చూసే ఉంటారు. 2015 నవంబరులో వచ్చింది, ప్రకాశ్ కోవెలమూడి తీశారు, ఆ పాత్ర కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగారు. అందులో తల్లిగా ఊర్వశి ఉన్నారు. సంబంధాలు తప్పిపోతున్నకొద్దీ ఆవిడ పడే ఆరాటం, ఆ అరుపులు, అవన్నీ మనకి తెలిసిన ఇల్లే. నాకు ఆ భాగం చాలా ఇష్టం. కానీ తర్వాత కథ బరువు తగ్గించే క్లినిక్ మీదకి మళ్ళింది, ప్రకాశ్ రాజ్ నడిపే క్లినిక్, అక్కడి మోసం, దాని మీద పోరాటం. ఆ మోసాలు చెప్పాల్సినవే, కాదనను. అయితే విలన్ వీధిలోకి వెళ్ళిపోయాడు కాబట్టి ఇంట్లోవాళ్ళని అడగాల్సిన ప్రశ్నలు అడగకుండానే సినిమా అయిపోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో హిందీలో 'దమ్ లగా కే హైషా' వచ్చింది, అందులో భూమి పెడ్నేకర్ చేసిన పాత్ర తనని నలుగురిలో అవమానించిన భర్తని అక్కడికక్కడే చెంప మీద కొడుతుంది. ఆమె సన్నబడదు కూడా. అయినా చివరికి భర్త ఆమెను ఎత్తుకుని పరిగెత్తే పోటీ దగ్గరే కథ తేలుతుంది, అంటే మీరు చెప్పిన రెండో ముగింపే. మంచి సినిమానే, నేను రెండుసార్లు చూశాను, కానీ మీ ప్రశ్నకి జవాబు అందులో లేదు.

మీ అమ్మమ్మగారి పొయ్యి దగ్గరదాకా వెళ్ళిన నవల ఒకటి నాకు తెలుసు, పాతదే. కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ 1976లో రాసిన 'లేడీ ఒరాకిల్'. జోన్ అనే అమ్మాయి చిన్నప్పటి నుంచీ లావు. తల్లికి ఆ పిల్లను సరిచేయడమే పని, పిల్లకి తల్లి మీద పంతంతో తినడమే పని. జోన్‌ని ప్రేమగా చూసిన మనిషి మేనత్త ఒక్కతే, ఆవిడ కూడా చనిపోతూ వంద పౌండ్ల బరువు తగ్గితేనే డబ్బు ముడుతుందని వీలునామా రాసి పోతుంది (ఆ దెబ్బ నాకు తల్లి తిట్లకన్నా ఎక్కువ బాధ కలిగించింది). సరే, జోన్ తగ్గుతుంది. నిజంగానే తగ్గుతుంది. ఇన్నేళ్ళు దానికోసమే పోరిన తల్లి సంతోషించాలి కదా? సంతోషించదు. ఇంకా కుంగిపోయి, ఒకరోజు కూరగాయలు తరిగే కత్తితో కూతురి చేతి మీద పొడుస్తుంది.

ఆ సన్నివేశం చదివాక నాకొకటి అర్థమైంది. తల్లికి కావాల్సింది కూతురు సన్నబడడం కాదు. కూతురి ఒంటి మీద తన మాట చెల్లడం. ఒళ్ళు తగ్గిపోతే ఇక అనడానికి ఏమీ మిగలదు, అనడానికి ఏమీ లేకపోతే ఆ ఇంట్లో తనకి చోటు ఏమిటో ఆమెకే తెలియదు. మన కథల్లో అమ్మాయి సన్నబడగానే ఇల్లంతా నవ్వులు పూసినట్టు రాస్తారు చూశారా, అక్కడే అబద్ధం మొదలవుతుంది. అలా రాసిన రచయిత తెలియకుండానే ఆ ఇంటివాళ్ళ పక్షాన నిలబడ్డట్టే, ఎందుకంటే "వాళ్ళు అన్నది నిజమే, కాస్త తగ్గితే పోయేది" అని ముగింపే ఒప్పేసుకుంటోంది.

ఎవరూ ఎందుకు రాయరు అన్నారు. మీరు రాయండి. పొయ్యి మంటతో మొదలుపెట్టండి. అమ్మమ్మగారి చిన్నప్పుడు ఆ ఇంట్లో ఆడపిల్లలకి ఎన్నో వాయిలో దోసె దొరికేదో వీలైతే అడిగి తెలుసుకోండి, కథ అక్కడ ఉండొచ్చు.

ప్రశ్న: మీ కథలో తల్లిని నేనే అనుకోండి. మా అమ్మాయి కాస్త రంగు తక్కువ. చిన్నప్పుడు రోజూ నలుగు పెట్టాను, ఎండలో ఆడనివ్వలేదు, ఫోటోలు దిగేటప్పుడు వెనక నిలబడమన్నాను. ఇప్పుడు దానికి ఇరవై ఒకటి, అవసరం ఉంటే తప్ప నాతో మాట్లాడదు. లోకం ఎలాగూ అంటుంది, నా నోటితో వింటే అలవాటు పడుతుందని నేను అన్నాను. తల్లుల్ని రాక్షసుల్లా రాస్తే మీ రచయితలకు తృప్తా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీరు ఈ ఉత్తరం రాయడానికి ఎంత కష్టపడ్డారో చదువుతుంటే తెలుస్తోంది, అందుకే దాచకుండా చెబుతాను. ముందు ఒక మాట. "రంగు తక్కువ" అని రాశారు. తక్కువ కాదండీ, అది ఆ పిల్ల రంగు. మన భాషలోనే ఆ కొలత ఉంది, మీరు కనిపెట్టింది కాదు, కానీ ఇంట్లో రోజూ ఆ మాట వినే పిల్లకి తనలో ఏదో తగ్గి పుట్టిందనే అర్థమవుతుంది.

తల్లిని రాక్షసిగా రాస్తే కథ చచ్చిపోతుందనే నేనూ అనుకుంటాను. 'కార్తీక దీపం' మీ ఇంట్లో కూడా చూసే ఉంటారు, 2017 నుంచి 2023 దాకా నడిచింది. మొదట్లో ఆ సీరియల్ అంతా రంగు మీదే, నల్లగా ఉన్న దీప, ఆ రంగంటేనే గిట్టని అత్త సౌందర్య. రోజూ సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని రంగు గురించి మాట్లాడుకునేలా చేసింది, అది చిన్న సంగతి కాదు. కానీ ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్‌కి నల్లగా కనిపించడానికి మేకప్ వేయాల్సి వచ్చింది, అంటే నల్లటి అమ్మాయి కథకి కూడా నల్లటి అమ్మాయి దొరకలేదన్నమాట. పైగా కొన్నాళ్ళకి కథ భర్త అనుమానం వైపు వెళ్ళిపోయింది, రంగు పక్కకి జరిగింది. అత్త అలా ఎందుకు తయారైందో లోతుగా చూసే అవకాశం పోయింది.

లోతుగా చూసిన పుస్తకం కావాలంటే అమెరికా నల్లజాతి రచయిత్రి టోనీ మోరిసన్ 2015లో రాసిన 'గాడ్ హెల్ప్ ద చైల్డ్' ఉంది. అది వాళ్ళ దేశపు జాతి చరిత్రలోంచి పుట్టిన కథ, మన రంగు పిచ్చితో అచ్చంగా సరిపోదు, అయినా మీ ఉత్తరం చదవగానే అదే గుర్తొచ్చింది. నవల మొదలవడమే తల్లి మాటలతో, నా తప్పేం లేదు అని. ఆ తల్లిది తెల్లవాళ్ళకి దగ్గరగా ఉండే లేత రంగు, పుట్టిన బిడ్డ బాగా నల్లగా ఉంది. భర్త అనుమానించి వదిలేసి వెళ్ళిపోయాడు. ఆమె బిడ్డను ముట్టుకోవడానికి కూడా ఇష్టపడదు, తనని అమ్మా అని పిలవొద్దంటుంది, 'స్వీట్‌నెస్' అని పిలవమంటుంది. ఇదంతా ఎందుకంటే లోకం కఠినమైంది కాబట్టి, పిల్ల తట్టుకోవడం నేర్చుకోవాలి కాబట్టి. మీరు రాసిన మాటే కదా.

ఆ పిల్ల ఎనిమిదేళ్ళప్పుడు కోర్టులో ఒక టీచర్ మీద అబద్ధపు సాక్ష్యం చెబుతుంది. ఎందుకో తెలుసా? అలా చెబితే అమ్మ మెచ్చుకుంటుందని, చెయ్యి పట్టుకుంటుందని. నిజంగానే ఆరోజు కోర్టు మెట్లు దిగుతూ అమ్మ చెయ్యి పట్టుకుంది. ఒక మనిషి జీవితం జైలుపాలైంది, ఈ పిల్లకి దక్కింది ఆ కాసేపు అమ్మ చెయ్యి. నేను అక్కడ పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. మోరిసన్ ఆ తల్లిని క్షమించలేదు, రాక్షసినీ చేయలేదు. ఆమె భయం ఎక్కడిదో చూపించారు, ఆ భయం పిల్లని ఏం చేసిందో కూడా చూపించారు. రెండూ ఒకే పేజీలో ఉండొచ్చు.

ఇంకొకటి చదవండి, ఇది మీకోసమే అనిపించింది. జపాన్ రచయిత్రి మియెకో కవాకమి 'బ్రెస్ట్స్ అండ్ ఎగ్స్', ఇంగ్లీషులో 2020లో వచ్చింది. ఒసాకాలో బార్‌లో పనిచేసే మకికో రొమ్ములు పెద్దవి చేయించుకోవాలని టోక్యోలో ఉన్న చెల్లెలి దగ్గరకి వస్తుంది. ఆమె కూతురు మిదొరికో తల్లితో మాట్లాడడం మానేసి, ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపిస్తుంటుంది. ఇక్కడ తల్లి కూతురిని ఏమీ అనలేదు, తన ఒంటిని తానే అసహ్యించుకుంటోంది, అది చూసి పిల్ల నోరు మూతపడింది. నన్ను కనడం వల్లే అమ్మ ఒళ్ళు ఇలా అయ్యిందా అన్నది ఆ పిల్ల గుండెల్లో ఉన్న బరువు. చివరికి ఒక రాత్రి వంటింట్లో ఆ పిల్ల ఏడుస్తూ గుడ్లు తీసి తన తలకే కొట్టుకుంటుంది, తల్లి కూడా ఒక గుడ్డు తీసుకుని తన తల మీద పగలగొట్టుకుంటుంది. ఇద్దరూ సొన కారుతూ నిలబడతారు. అప్పటికి మాట వచ్చింది.

మీ అమ్మాయి మీతో అసలు మాట్లాడడం లేదని కాదు, అవసరానికైనా మాట్లాడుతోంది. నలుగు గురించీ, ఫోటోల గురించీ నాకు రాసినట్టే ఆ అమ్మాయికి రాయండి. "నీ మంచికే" అన్న మాట మాత్రం అందులో పెట్టొద్దు. ఎదురు జవాబు వెంటనే రాకపోతే కంగారు పడొద్దు కూడా, ఇరవై ఏళ్ళ మాటలు కదా.

ప్రశ్న: మగవాళ్ళకి ఈ బాధ లేదా? నాకు ఇరవై ఆరేళ్ళకే జుట్టు పోయింది. మా బాబాయి ఏ ఫంక్షన్‌కి వచ్చినా నా నెత్తి మీద చెయ్యి పెట్టకుండా వెళ్ళడు. మా మీద కథలేవి?
– విశాఖపట్నం

జవాబు: ఉంది, లేదని ఎవరన్నారు. కాకపోతే మన సినిమాల్లో బట్టతల, పొట్ట, పొట్టితనం ఏళ్ళ తరబడి కమెడియన్ ఖాతాలో పడిపోయాయి, కాబట్టి అవమానం జరిగిన చోట హాలంతా నవ్వింది. దాన్ని మార్చాలని చూసినవాళ్ళు లేకపోలేదు. కన్నడలో రాజ్ బి. శెట్టి 2017లో తీసి, తానే నటించిన 'ఒందు మొట్టెయ కథె' చూడండి, మంగళూరులో కన్నడం చెప్పే బట్టతల లెక్చరర్, పెళ్ళి సంబంధాలు. తెలుగులో 2021లో అవసరాల శ్రీనివాస్ 'నూటొక్క జిల్లాల అందగాడు' వచ్చింది, బట్టతల తండ్రి నుంచి వచ్చిందని కొడుక్కి తండ్రి మీద ఉండే కోపం అందులో నాకు నిజంగా అనిపించిన విషయం. రంగు సంగతికొస్తే 2020లో వచ్చిన 'కలర్ ఫొటో' ఉంది. అది మగపిల్లాడి రంగు మీద కథ, జాతీయ అవార్డు కూడా వచ్చింది.

మీ బాబాయిగారితో ఒక్కసారి, నలుగురిలో కాకుండా విడిగా, "బాబాయ్, చెయ్యి తియ్" అని చెప్పండి. నవ్వకుండా చెప్పండి. మీరు నవ్వితే ఆయన ఇంకా చెయ్యి పెడతారు.

ప్రశ్న: అమ్మతో వీడియో కాల్ అంటే టెన్షన్ నాకు. "ఏదీ పక్కకి తిరుగు, చూద్దాం" అంటుంది. సన్నగా ఉంటే తినడం లేదా అని, కాస్త ఒళ్ళు చేస్తే అదీ తప్పని. ఈ మధ్య మా బుక్ క్లబ్‌లో 'ద వెజిటేరియన్' చదివాం, అందరూ అది మాంసం మానేయడం గురించి అన్నారు, నాకు మాత్రం మా అమ్మ గుర్తొచ్చింది. నేను తప్పుగా చదివానా?
– డాలస్

జవాబు: తప్పుగా చదవలేదు. కొరియా రచయిత్రి హాన్ కాంగ్ 2007లో రాసిన నవల అది, ఇంగ్లీషు అనువాదానికి 2016లో మ్యాన్ బుకర్ ఇంటర్నేషనల్ వచ్చింది, 2024లో ఆవిడకి నోబెల్ వచ్చాక మనవాళ్ళు మళ్ళీ వెతికి చదువుతున్నారు. తెలియనివాళ్ళకి: యొంగ్‌హ్యె అనే గృహిణి ఒక కల వచ్చి మాంసం మానేస్తుంది, ఇల్లంతా ఆమె మీద విరుచుకుపడుతుంది.

అక్క ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్న సన్నివేశం గుర్తుచేసుకోండి. వరసగా ఒక్కొక్కరూ ఆమె ముందుకి ఒక్కో వంటకం తోస్తారు, చిక్కిపోయావు తిను అని. మొదట అదంతా ప్రేమే. వద్దంటే, తండ్రి అల్లుణ్ణీ కొడుకునీ పిలిచి ఆమె చేతులు పట్టుకోమని, నోట్లో మాంసం కుక్కుతాడు, కొడతాడు. ఆమె కత్తి తీసుకుని మణికట్టు కోసుకుంటుంది. కొసరి కొసరి వడ్డించడం నుంచి చేతులు పట్టుకోవడం దాకా రెండు మూడు పేజీల్లో వెళ్ళిపోయింది కథ. వడ్డించిన చెయ్యీ పట్టుకున్న చెయ్యీ ఒకే ఇంటివి.

మీకు అమ్మ గుర్తు రావడానికి ఇంకో కారణం ఉందనుకుంటాను. ఆ నవల మూడు భాగాలు. మొదటిది భర్త చెబుతాడు, రెండోది బావ వైపు నుంచి, మూడోది అక్క వైపు నుంచి. ఎవరి ఒంటి గురించి కథంతా నడిచిందో ఆమె మాత్రం చిన్న చిన్న కలల ముక్కల్లో తప్ప మాట్లాడదు. మన ఇళ్ళల్లోనూ అంతే కదా, చిక్కిందో, బలిసిందో, రంగు తేలిందో, నల్లబడిందో అందరూ చెబుతారు, ఆ ఒంట్లో ఉన్న మనిషిని ఎలా ఉందని అడిగేవాళ్ళు ఉండరు. మీ అమ్మగారు ఆ నవలలో తండ్రి లాంటివారని అనడం లేదు, దయచేసి అలా తీసుకోవద్దు. అంత దూరాన ఉన్న కూతుర్ని ముట్టుకోలేక కళ్ళతో తడుముతున్నారేమో. అది కూడా నిజమే, మీకు టెన్షన్‌గా ఉండడమూ నిజమే. ఈసారి కాల్‌లో ఆవిడ తిరగమనేలోపే మీరే "అమ్మా, నా మోకాలు నొప్పి తగ్గింది" అనో "రాత్రి నిద్ర పట్టలేదు" అనో మొదలుపెట్టి చూడండి. మీ ఒంటి గురించి కబురు ముందు మీ నోటి నుంచే వెళ్ళనివ్వండి.

ప్రశ్న: నేను రాసిన మొదటి కథ జతచేశాను. ఇంట్లో అందరూ బొండాం అని పిలిచే అమ్మాయి కథ. అద్దం ముందు నిలబడి ఏడవడంతో మొదలై, చివర్లో తను అందగత్తెనని తెలుసుకోవడంతో ముగుస్తుంది. ఎలా ఉంది?
– రాజమండ్రి

జవాబు: రెండుసార్లు చదివాను. అద్దం తీసేయండి. అద్దం ముందు ఏడ్చే అమ్మాయిని చాలామంది రాశారు, మీ కథకి ఆ అవసరం లేదు, మీ దగ్గర బొండాం అనే పేరు ఉంది. ఆ పేరు ముద్దుగా పెట్టిందే కదా, పసిపిల్లప్పుడు బుగ్గలు చూసి పెట్టి ఉంటారు. పిల్ల పెరిగింది, పేరు అలాగే ఉంది, పిలిచేవాళ్ళ గొంతులో ముద్దు ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. అమెరికాలో జూలీ మర్ఫీ అనే ఆవిడ 2015లో టీనేజీ పిల్లల కోసం 'డంప్లిన్' అనే నవల రాశారు, ఒకప్పుడు అందాల పోటీ గెలిచిన తల్లి లావుగా ఉన్న కూతుర్ని పిలిచే పేరే ఆ పుస్తకం పేరు. ఆ అమ్మాయి సన్నబడదు, తల్లి నడిపే పోటీలోకే దిగుతుంది.

అందగత్తెనని తెలుసుకోవడం అనే ముగింపు మీద నాకు పేచీ ఉంది. అందంగా లేకపోతే ఏం చేసేది మరి? ఓల్గా గారి 'విముక్త'లో 'సమాగమం' అనే కథ చదవండి, ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ముక్కూ చెవులూ పోయిన శూర్పణఖని సీత ఒక అందమైన తోటలో కలుస్తుంది, ఆ తోట శూర్పణఖ పెంచిందే. పోయిన రూపం తిరిగి రాదు, ఎవరో వచ్చి నువ్వు అందంగానే ఉన్నావని చెప్పడం వల్ల ఆమె నిలబడలేదు. అవమానంతో రగిలిపోయిన రోజులు గడిచాక, మట్టీ మొక్కలూ పట్టుకుని అందం అంటే ఏమిటో తన చేతులతో మళ్ళీ నేర్చుకుంది. మీ అమ్మాయికి ఏ పని ఇష్టమో కథ మొత్తంలో ఒక్క చోట కూడా లేదు. అది రాయండి.

ఇంకొకటి. నాలుగో పేజీలో పెద్దమ్మ "ఈ పిల్లకి ఆ చీర సరిపోదులే" అన్నప్పుడు వాళ్ళ నాన్న పేపరు తిప్పుకుంటూ కూర్చున్నాడని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు కథంతటిలోకీ ఆ వాక్యమే గుర్తుండిపోయింది. ఆయన విన్నాడా? వింటే ఎందుకు తల ఎత్తలేదు? కూతురు ఆయన వైపు చూసిందా? మీరు ఎన్ని పేజీలు తీసుకున్నా ఫరవాలేదు, ఆ పేపరు దగ్గర ఇంకాసేపు ఉండి, తిరగరాసి పంపండి.